దాగిన సిమెట్రీ విశ్వానికి హద్దు నియమం చెప్పగలదా?

చెన్నై తరమణిలో ఒక ఉపన్యాసం విని వచ్చాక మీరు అడిగిన ప్రశ్న ఇది: "క్వాంటం కాస్మాలజీలో బౌండరీ కండిషన్‌ని మనం బయటి నుంచి పెట్టక్కర్లేదట, సమీకరణంలో దాగిన సిమెట్రీలే దాన్ని తేల్చేస్తాయట. నిజమేనా? నిజమైతే హార్ట్‌ల్-హాకింగ్ చెప్పింది సరైనదా, విలెంకిన్ చెప్పిందా?"

క్వాంటం కాస్మాలజీ అంటే మొత్తం విశ్వానికే క్వాంటం నియమాలు వర్తింపజేయడం. బౌండరీ కండిషన్‌నే ఇక్కడ హద్దు నియమం అంటున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు: కొంతవరకు నిజం. లెక్కలేనన్ని హద్దు నియమాల్లోంచి సిమెట్రీ రెండింటిని మిగులుస్తుంది. ఆ రెండింట్లో ఏది అనేది మాత్రం చెప్పదు. రెండో ప్రశ్నకు జవాబు: ఈ పద్ధతి బాగా పనిచేసే మోడల్‌లో ఆ ఇద్దరి మధ్య పోటీయే పెట్టలేం. ఎందుకో వివరంగా రాస్తాను. ఈ విషయంలో ఉన్నదానికంటే ఎక్కువ చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇప్పుడే ఈ దారిలోకి వస్తున్న మీలాంటివాళ్లకు ఏది రుజువైందో, ఏది ఆశ మాత్రమేనో వేరుచేసి చెప్పాలని నాకు గట్టిగా ఉంది.

ముందు హద్దు నియమం సమస్య ఏమిటో చూద్దాం. వీణ తీగకు రెండు కొసలూ కదలవు. ఆ నియమం తీగ సమీకరణంలో లేదు, వీణ చేసినవాడు బిగించాడు. ఫిజిక్స్‌లో మనం రాసే ప్రతి డిఫరెన్షియల్ ఈక్వేషన్‌కూ ఇలా బయట నుంచి ఎవరో ఒకరు హద్దు నియమం ఇస్తారు. విశ్వానికి బయట అంటూ ఏదీ లేదు కాబట్టి ఆ నియమం ఎవరిస్తారన్నదే ప్రశ్న. బ్రైస్ డివిట్ 1967లో విశ్వపు వేవ్ ఫంక్షన్‌కి సమీకరణం రాసినప్పుడే ఈ చిక్కు ఎదురైంది. ఆ సమీకరణాన్నే ఇప్పుడు వీలర్-డివిట్ సమీకరణం అంటున్నాం. అందులో కాలం ఉండదు. మొత్తం హామిల్టోనియన్, అంటే శక్తిని సూచించే ఆపరేటర్, వేవ్ ఫంక్షన్ మీద పనిచేస్తే సున్నా రావాలి, అంతే. స్థలం రూపురేఖలన్నీ కలిపితే అనంతమైన వేరియబుల్స్ అవుతాయి కాబట్టి, విశ్వం అన్ని చోట్లా అన్ని దిక్కులా ఒకేలా ఉందనుకుని, సైజు చెప్పే స్కేల్ ఫ్యాక్టర్‌నీ ఒకటి రెండు ఫీల్డ్‌లనూ మాత్రమే ఉంచుకుంటాం. దీన్నే మినీసూపర్‌స్పేస్ అంటారు. ఇలా కత్తిరించడం సరైన ఉజ్జాయింపు అని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. ఇకపై నేను చెప్పేదంతా ఈ కత్తిరించిన లోకం లోపలి సంగతే.

స్కేల్ ఫ్యాక్టర్ సున్నా దగ్గర బిగ్ బ్యాంగ్ ఉంది. అక్కడ వేవ్ ఫంక్షన్ సున్నా కావాలని డివిట్ అన్నారు. హార్ట్‌ల్, హాకింగ్ 1983లో వేరే దారి పట్టారు: వేవ్ ఫంక్షన్‌ని పాత్ ఇంటిగ్రల్‌గా, అంటే సాధ్యమైన చరిత్రలన్నిటి కూడికగా రాసి, అసలు మొదటి అంచే లేని నునుపైన జ్యామితులను మాత్రమే కలపాలన్నారు. దీన్నే నో-బౌండరీ ప్రతిపాదన అంటారు. విలెంకిన్ 1982 నుంచి చెబుతున్నది ఏమిటంటే, విశ్వం శూన్యం నుంచి టన్నెలింగ్ ద్వారా, అంటే శక్తి చాలని గోడను క్వాంటం పద్ధతిలో దాటి పుట్టింది, కాబట్టి పెద్ద సైజు వైపు బయటికి వెళ్లే అల మాత్రమే ఉండాలి. లిండె 1984లో దీనికి దగ్గరి మాటే చెప్పారు. కాస్మలాజికల్ కాన్‌స్టంట్ (ఖాళీ స్థలానికే ఉండే శక్తి) ఒక్కటే ఉన్న మూసిన విశ్వంలో (గోళం ఉపరితలంలా అంచు లేకుండా తనలోకి మూసుకున్న స్థలం) ఈ రెండు వాదాల తేడా ఘాతాంకం ముందున్న గుర్తులో కనిపిస్తుంది. ఒకరికి ప్లస్, ఇంకొకరికి మైనస్. ఆ ఒక్క గుర్తు వల్ల ఒక వాదం ఇన్‌ఫ్లేషన్ (తొలి క్షణాల అతివేగ విస్తరణ) తక్కువ శక్తి దగ్గర మొదలవడం సహజమంటే, రెండోది ఎక్కువ శక్తి దగ్గర మొదలవడం సహజమంటుంది. 2017లో ఫెల్డ్‌బ్రూగె, లెనర్స్, టూరోక్ ఈ పాత్ ఇంటిగ్రల్‌ని అసలైన కాలంతో, అంటే లొరెంట్జియన్‌గా జాగ్రత్తగా లెక్కించి, నునుపైన మొదలు పనిచేయదని, చిన్న అలజడులు అణగకుండా పెరిగిపోతాయని వాదించారు. హార్ట్‌ల్ వర్గం వెంటనే జవాబిచ్చింది. ఆ చర్చ ఇంకా ముగియలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సిమెట్రీ అంటే మామూలుగా కంటికి కనిపించేదే గుర్తొస్తుంది: గోళాన్ని తిప్పినా గోళమే. దాగిన సిమెట్రీ అలా బొమ్మలో కనిపించదు, సమీకరణం లోపల ఉంటుంది. మీకు తెలిసిన ఉదాహరణ హైడ్రోజన్ పరమాణువు. ఎలక్ట్రాన్ శక్తి స్థాయిలు కోణీయ ద్రవ్యవేగం మీద ఆధారపడకపోవడానికి తిప్పడంలోని సిమెట్రీ ఒక్కటే చాలదు. గ్రహాల కక్ష్యల్లో దీర్ఘవృత్తం దిశను కదలకుండా పట్టి ఉంచే లాప్లాస్-రూంగె-లెంజ్ వెక్టర్ కూడా కావాలి. పౌలి 1926లో దాన్నే వాడి, ష్రోడింగర్ సమీకరణాన్ని పరిష్కరించకుండానే హైడ్రోజన్ స్పెక్ట్రమ్ మొత్తాన్ని రాబట్టారు. సమీకరణం పరిష్కరించకుండా జవాబు ఇచ్చేంత శక్తి ఆల్జీబ్రాకు ఉంటే, విశ్వపు సమీకరణానికి హద్దు నియమం కూడా అదే ఇస్తుందేమో అన్న ఆశ సహజమే.

ఆ ఆశను జలాల్‌జాదె, మోనిజ్ 2014లో ఒక మోడల్‌లో లెక్క రూపంలో పెట్టారు. ఆ దారిలో మనమూ చేతితో నడుద్దాం. మూసిన విశ్వాన్ని తీసుకోండి. అందులో పదార్థంగా కన్‌ఫార్మల్‌గా (స్థలం వంపుతో ఒక ప్రత్యేక పద్ధతిలో) జతచేసిన ఒక స్కేలార్ ఫీల్డ్, అంటే ప్రతి బిందువు దగ్గరా ఒక్క సంఖ్యతో చెప్పే ఫీల్డ్ ఉంది. ఇది రేడియేషన్‌లా ప్రవర్తిస్తుంది, సాంద్రత స్కేల్ ఫ్యాక్టర్ నాలుగో ఘాతం చొప్పున తగ్గుతుంది. హార్ట్‌ల్-హాకింగ్ 1983 పేపర్‌లో కూడా ఈ ఫీల్డే ఉంది, దానితోపాటు కాస్మలాజికల్ కాన్‌స్టంట్ ఉంది. మనం దాన్ని ప్రస్తుతానికి తీసేద్దాం. సరైన యూనిట్లలో వీలర్-డివిట్ సమీకరణం చాలా సాదా రూపంలోకి వస్తుంది: స్ప్రింగ్‌కి కట్టిన బరువులా ఊగే రెండు హార్మానిక్ ఆసిలేటర్లు, ఒకటి ఫీల్డ్‌ది, ఒకటి స్కేల్ ఫ్యాక్టర్‌ది. మొదటిదాని శక్తిలోంచి రెండోదాని శక్తి తీసేస్తే సున్నా. గ్రావిటీలో స్కేల్ ఫ్యాక్టర్ కైనెటిక్ ఎనర్జీకి మైనస్ గుర్తు ఉంటుంది కాబట్టే కూడిక కాకుండా తీసివేత వచ్చింది.

ఒక్క తేడా ఉంది. ఫీల్డ్ ప్లస్ వైపూ మైనస్ వైపూ తిరగగలదు. స్కేల్ ఫ్యాక్టర్ సున్నాకి కింద ఉండదు. అంటే విశ్వం సైజుకి ఉన్నది సగం గీతే, దానికి ఒక కొస ఉంది. ఆ కొస దగ్గర ఆసిలేటర్ హామిల్టోనియన్ సెల్ఫ్ అడ్జాయింట్ కావాలంటే, అంటే దాని స్థాయిలు నిజసంఖ్యలై పూర్తి సెట్‌గా రావాలంటే, ఏం చేయాలి? వేవ్ ఫంక్షన్ వాలును దాని విలువతో భాగిస్తే వచ్చే సంఖ్యను ముందే నిర్ణయించాలి. దీన్ని రాబిన్ కండిషన్ అంటారు. ఆ సంఖ్య సున్నా అయితే వాలు సున్నా, అది నాయ్‌మన్ కండిషన్. అనంతం అయితే వేవ్ ఫంక్షనే సున్నా, అది డిరిక్లే కండిషన్, డివిట్ కోరింది అదే. మధ్యలో ఏ నిజసంఖ్య పెట్టినా గణితం ఒప్పుకుంటుంది. లెక్కలేనన్ని హద్దు నియమాలు అని ముందు అన్నది ఇందుకే. (కాలమే లేని సమీకరణంలో సెల్ఫ్ అడ్జాయింట్ ఎందుకు అని మీరు అడగవచ్చు, అడగాలి కూడా. రెండు ఆసిలేటర్లను విడదీసి, ఒక్కొక్కదాని స్థాయిలతో జవాబును కట్టాలంటే ఆ స్థాయిలు నిజసంఖ్యలై, పూర్తి సెట్‌గా ఉండాలి. ఇక్కడ దాని అవసరం అంతవరకే.)

ఇక్కడ సిమెట్రీ అడుగుపెడుతుంది. ఆసిలేటర్‌కి మొమెంటమ్ స్క్వేర్, స్థానం స్క్వేర్, ఆ రెండింటి కలయిక అయిన స్కేలింగ్ ఆపరేటర్ అనే మూడు ఉన్నాయి. వీటిలో ఏ రెండింటికైనా కమ్యుటేటర్ తీస్తే, అంటే రెండు వరసల్లోనూ గుణించి తేడా చూస్తే, మళ్లీ ఆ మూడింటిలోనే జవాబు వస్తుంది. ఈ మూసిన కుటుంబం పేరే ఎస్‌యూ(1,1). ఆసిలేటర్ స్థాయిలను రెండేసి మెట్లు ఎక్కించే, దించే ఆపరేటర్లు ఇందులోవే. ఈ కుటుంబం మొత్తం మన సగం గీత మీద పనిచేయాలని పట్టుబడదాం. అంటే ఇందులోని స్కేలింగ్ కూడా హద్దు నియమాన్ని చెరపకూడదు. వేవ్ ఫంక్షన్‌ని రెండింతలు సాగదీయండి. కొస దగ్గర దాని విలువ మారదు, వాలు సగం అవుతుంది. కాబట్టి వాలును విలువతో భాగించిన సంఖ్య కూడా సగం అవుతుంది. సగం చేసినా మారని సంఖ్యలు రెండే: సున్నా, అనంతం. మిగతా రాబిన్ నియమాలన్నీ ఒక్క అడుగులో కొట్టుకుపోయాయి. నాయ్‌మన్, డిరిక్లే మిగిలాయి.

దీన్ని ఇంకోవైపు నుంచి కూడా సరిచూసుకోవచ్చు. మధ్యలోని ఏదో ఒక రాబిన్ సంఖ్య పెట్టి స్థాయిలు లెక్కించండి, వాటి మధ్య దూరాలు సమానంగా రావు. సమానంగా రాకపోతే రెండేసి మెట్లు ఎక్కించే ఆపరేటర్‌కి నిలబడటానికి చోటే ఉండదు.

ఆల్జీబ్రా ఇదే విషయాన్ని తన మాటల్లో చెబుతుంది. ఎస్‌యూ(1,1)కి కాసిమిర్ అనే ఒక సంఖ్య ఉంటుంది, కుటుంబంలోని అందరితోనూ కమ్యూట్ అయ్యేది, అంటే గుణించే వరస మార్చినా తేడా రానిది. మా వేళచ్చేరి ఇంటికి సెలవు రోజుల్లో వచ్చే ఇద్దరు తెలుగు ఎమ్మెస్సీ పిల్లలతో ఈ మధ్యే ఈ లెక్క చేయించాను. మొదటిసారి ఇద్దరికీ సున్నా వచ్చింది. స్థానం, మొమెంటమ్ మామూలు సంఖ్యలైతే నిజంగానే సున్నా రావాలి, క్లాసికల్ జవాబు అదే. స్థానం స్క్వేర్ పక్కన మొమెంటమ్ స్క్వేర్‌ని ఇటు ఒకసారి అటు ఒకసారి పెట్టి, ఒక్కో కమ్యుటేటర్‌ని దాటిస్తూ మళ్లీ రాశారు. ఐ (మైనస్ ఒకటికి వర్గమూలం) కలిసిన టర్మ్‌లు ఒకదానికొకటి కొట్టుకుపోయి, చివర మైనస్ 3/16 మిగిలింది. "ఆర్డర్ మారినందుకే ఇంత వచ్చిందా?" అని వాళ్లలో ఒకమ్మాయి అడిగింది. అవును, మొత్తం దాని నుంచే వచ్చింది. మీరూ ఈ లెక్క ఒకసారి కాగితం మీద చేయండి, అరపేజీ కూడా పట్టదు. భౌతిక శాస్త్రవేత్త అల్లాడి రామకృష్ణన్ గారు మైలాపూర్‌లో తమ ఇంట్లోనే సెమినార్లు నడిపి, ఆ ఊపుతో 1962లో మాట్‌సైన్స్ అనే గణిత శాస్త్రాల పరిశోధన సంస్థని నిలబెట్టిన ఊరిలో ఉంటున్నాం. ఇంట్లో బల్ల దగ్గర కూర్చుని చేసే లెక్కలకు ఇక్కడ మంచి చరిత్రే ఉంది.

ఈ కాసిమిర్ విలువ ఒక ఇండెక్స్‌ని, అందులోంచి ఒకటి తీసేసిన సంఖ్యతో గుణిస్తే వస్తుంది. ఆ ఇండెక్స్‌ని బార్గ్‌మన్ ఇండెక్స్ అంటారు. లబ్ధం మైనస్ 3/16 కావాలంటే ఇండెక్స్ 1/4 అయినా కావాలి, 3/4 అయినా కావాలి. 1/4 అంటే ఆసిలేటర్ స్థాయిలు 1/2, 5/2, 9/2, ఇలా సరి స్థితులు, కొస దగ్గర వాలు సున్నా. 3/4 అంటే 3/2, 7/2, 11/2, ఇలా బేసి స్థితులు, కొస దగ్గర విలువ సున్నా. కాసిమిర్ మాత్రం రెండింటికీ ఒక్కటే. సిమెట్రీ ఎందుకు మధ్యలో ఆగిపోతుందో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది: దాని చేతిలో ఉన్న ఒకే సంఖ్య ఈ రెండు నియమాలనూ వేరుచేయలేదు.

దీని పర్యవసానం ఒకటి నాకు చాలా ఇష్టం. రెండు ఆసిలేటర్ల శక్తులు సమానం కావాలి అన్నదే మన కన్‌స్ట్రెయింట్. విశ్వం సైజు బేసి స్థాయిల్లో ఉంటే ఫీల్డ్ కూడా అదే బేసి స్థాయిలో ఉండాలి. అంటే బిగ్ బ్యాంగ్ దగ్గర వేవ్ ఫంక్షన్ సున్నా అని డివిట్ మాట ఒప్పుకున్న క్షణంలోనే, ఫీల్డ్ గుర్తు మార్చితే వేవ్ ఫంక్షన్ గుర్తు కూడా మారాలని ఒప్పుకున్నట్టే. ఫీల్డ్ సున్నాగా ఉన్న విశ్వానికి ఏ సైజులోనూ ఆంప్లిట్యూడ్ ఉండదు. నాయ్‌మన్ ఎంచుకుంటే ఫీల్డ్ గుర్తు మార్చినా వేవ్ ఫంక్షన్ మారదు. జ్యామితి కొస మీద పెట్టిన నియమం పదార్థం నడతను శాసించింది. గ్రావిటీలో ఏదీ ఒంటరిగా ఉండదని కన్‌స్ట్రెయింట్ మనకు గుర్తుచేసే తీరు ఇది.

ఇప్పుడు జాగ్రత్తలు. ఈ మోడల్‌లో కన్‌స్ట్రెయింట్‌తో కమ్యూట్ అయ్యే ఆపరేటర్లను డిరాక్ అబ్జర్వబుల్స్ అంటారు. రెండు ఆసిలేటర్లనూ ఒకేసారి ఒక్కో మెట్టు ఎక్కించే ఆపరేటర్ వాటిలో ఒకటి, ఎందుకంటే తేడా మారదు. కానీ ఒక్క మెట్టు ఎక్కితే సరి స్థితి బేసి అవుతుంది, అంటే నాయ్‌మన్ నుంచి డిరిక్లేకి దూకుతుంది. కాబట్టి కాగితం మీద అది అబ్జర్వబులే, హద్దు నియమం పెట్టాక కాదు. రెండేసి మెట్లు ఎక్కించేదే నిలుస్తుంది. ఈ తేడా చూడకుండా అబ్జర్వబుల్స్ ఆల్జీబ్రా రాసేసి, దాని నుంచి హద్దు నియమం "వచ్చింది" అంటే వాదం గుండ్రంగా తిరిగినట్టే. ఏ ఆపరేటర్లను సిమెట్రీగా ఉంచుకోవాలో ఎంచుకోవడంలోనే సగం నియమం చొరబడి ఉంటుంది. ఈ రంగంలో పేపర్ చదివేటప్పుడు నేను మొదట వెతికేది ఈ చోటే.

రెండో జాగ్రత్త ఆపరేటర్ ఆర్డరింగ్. స్కేల్ ఫ్యాక్టర్, దాని మొమెంటమ్ ఏ వరసలో రాయాలో క్లాసికల్ సిద్ధాంతం చెప్పదు. వరస మారితే సమీకరణంలో స్కేల్ ఫ్యాక్టర్ స్క్వేర్‌తో భాగించిన ఒక అదనపు టర్మ్ రావచ్చు. మంచి విషయం ఏమిటంటే ఆ టర్మ్ ఉన్నా ఎస్‌యూ(1,1) చెడదు, కాసిమిర్ విలువ మాత్రం మారుతుంది. మొమెంటమ్ స్క్వేర్ పక్కన ఆ టర్మ్ గుణకం సున్నా నుంచి పెరుగుతూ 3/4 చేరేదాకా రెండు నియమాలూ బతికే ఉంటాయి. 3/4 దాటాక కొస దగ్గర ఒక పరిష్కారం మాత్రమే స్క్వేర్ ఇంటిగ్రబుల్‌గా (వర్గాన్ని ఇంటిగ్రేట్ చేస్తే పరిమిత విలువ వచ్చేలా) మిగులుతుంది. అప్పుడు ఎంచుకోవడానికి ఏమీ ఉండదు, వేవ్ ఫంక్షన్ అక్కడ సున్నా కావాల్సిందే. "సిమెట్రీ డివిట్ నియమాన్నే ఎంచుకుంది" అని ఎవరైనా చెబితే, వాళ్లు ఏ ఆర్డరింగ్ వాడారో అడగండి. చాలాసార్లు జవాబు అక్కడే ఉంటుంది.

మూడోది అన్నిటికంటే పెద్దది. ఈ సిమెట్రీ చాలా సున్నితం. మూసిన విశ్వం మోడల్‌లో కాస్మలాజికల్ కాన్‌స్టంట్ పెట్టగానే స్కేల్ ఫ్యాక్టర్ నాలుగో ఘాతం టర్మ్ వస్తుంది, ఆసిలేటర్ చెడుతుంది. ఫీల్డ్‌కి ద్రవ్యరాశి ఇస్తే రెండు ఆసిలేటర్లూ విడదీయలేనట్టు కలిసిపోతాయి. మన విశ్వం విస్తరణ వేగం పెరుగుతోందని 1998 నుంచి తెలుసు కాబట్టి ఆ టర్మ్‌ని పక్కన పెట్టేయలేం.

స్థలం వంపులేని విశ్వంలో కథ కొంచెం వేరు. బెన్ అషూర్, లివీన్ 2019లో చూపించినట్టు, ద్రవ్యరాశి లేని స్కేలార్ ఫీల్డ్ ఉన్న ఫ్లాట్ విశ్వంలో ఇదే కుటుంబానికి చెందిన కన్‌ఫార్మల్ సిమెట్రీ దాగి ఉంది. స్కేల్ ఫ్యాక్టర్‌కి బదులు దాని ఘనానికి వర్గమూలం తీసుకుంటే కాస్మలాజికల్ కాన్‌స్టంట్ కూడా స్క్వేర్ టర్మ్‌గా మారి కుటుంబంలోకి వచ్చేస్తుంది. ఇది అందమైన ఫలితం. అయితే ఫీల్డ్ మొమెంటమ్ నుంచి వచ్చే విలోమ వర్గ టర్మ్‌కి ఇక్కడ ఆకర్షించే గుర్తు ఉంటుంది. మామూలు క్వాంటం మెకానిక్స్‌లో ఆ ఆకర్షణ గుణకం మైనస్ 1/4 కంటే కిందికి పోతే ఏమవుతుందో మీరు చదివే ఉంటారు: ఏ హద్దు నియమం పెట్టినా స్కేలింగ్ పూర్తిగా నిలవదు, ఒక నిర్ణీత నిష్పత్తి చొప్పున సాగదీసినప్పుడు మాత్రమే నిలుస్తుంది. కాబట్టి మామూలు పద్ధతిలో క్వాంటైజ్ చేస్తే, ఫీల్డ్ మొమెంటమ్ తగినంత పెద్దదైనప్పుడు సిమెట్రీకి సరిపడే హద్దు నియమం ఒక్కటి కూడా దొరకదు. మూసిన మోడల్‌లో రెండు మిగిలాయి, ఇక్కడ సున్నా.

ఇక హార్ట్‌ల్-హాకింగా, విలెంకినా? నాయ్‌మన్ అంటే నో-బౌండరీ అని కొందరు సులువుగా కలిపేస్తారు. అలా కలపవద్దు. నాయ్‌మన్ అనేది స్కేల్ ఫ్యాక్టర్ సున్నా దగ్గర వేవ్ ఫంక్షన్ మీద పెట్టే షరతు. నో-బౌండరీ అనేది పాత్ ఇంటిగ్రల్‌లో ఏ జ్యామితులను కలపాలన్న షరతు. విలెంకిన్‌ది అటు కొసన, పెద్ద సైజు దగ్గర పెట్టే షరతు. మన మూసిన మోడల్‌లో కాస్మలాజికల్ కాన్‌స్టంట్ లేదు కాబట్టి విశ్వం ఒక గరిష్ఠ సైజుకి పెరిగి మళ్లీ కుంచించుకుపోతుంది. పెద్ద సైజు వైపు వేవ్ ఫంక్షన్ అణగిపోవాలి, బయటికి వెళ్లే అల అంటూ అక్కడ ఉండదు. టన్నెలింగ్ ప్రతిపాదనను ఆ మోడల్‌లో రాయడానికే వీల్లేదు. దాన్ని రాయాలంటే కాస్మలాజికల్ కాన్‌స్టంట్ కావాలి, అది పెడితే ఎస్‌యూ(1,1) పోతుంది. మీ రెండో ప్రశ్నకు ఈ దారిలో జవాబు దొరకకపోవడానికి కారణం ఇదే.

రాబిన్ కండిషన్ గురించి ఒక మాట. సిమెట్రీ దాన్ని ఇక్కడ కొట్టేసింది కదా అని పూర్తిగా పక్కన పెట్టకండి. 2019లో డి తుచ్చి, లెనర్స్ నో-బౌండరీ ప్రతిపాదనను నిలబెట్టడానికి పాత్ ఇంటిగ్రల్ మొదట్లో సైజునీ మొమెంటమ్‌నీ ముడివేసే రాబిన్ కండిషన్‌నే వాడారు. అక్కడ షరతు జ్యామితుల మీద, ఇక్కడ వేవ్ ఫంక్షన్ మీద, కాబట్టి రెండింటికీ వైరుధ్యం లేదు.

మీరు ప్రాజెక్ట్‌గా ఏదైనా చేయాలనుకుంటే నా సలహా: మూసిన మోడల్‌లోనే చాలా చిన్న కాస్మలాజికల్ కాన్‌స్టంట్ పెట్టండి. నాలుగో ఘాతం టర్మ్ వల్ల పొటెన్షియల్ గోడలా లేచి అవతల దిగిపోతుంది. శక్తి స్థాయిలు కచ్చితంగా నిలవవు, ఆ గోడ దాటి నెమ్మదిగా కారిపోతాయి. కొస దగ్గర నాయ్‌మన్ పెట్టి ఒకసారి, డిరిక్లే పెట్టి ఒకసారి, ఆ కారే వేగం లెక్కించండి. గోడ అవతల బయటికి వెళ్లే అల పెడితే విలెంకిన్ తరహా షరతు కూడా దొరుకుతుంది. డబ్ల్యూకేబీ (పొటెన్షియల్ నెమ్మదిగా మారేచోట వాడే ఉజ్జాయింపు పద్ధతి) వస్తే చాలు, మొదటి దశ చేత్తోనే అయిపోతుంది. తర్వాత న్యూమరికల్‌గా సరిచూడండి. కన్‌స్ట్రెయింట్‌ని మాత్రం మరిచిపోకండి: ఫీల్డ్ స్థాయిలు నిజసంఖ్యలుగానే ఉంటాయి, స్కేల్ ఫ్యాక్టర్ వైపు స్థాయిలకు కల్పిత భాగం వస్తుంది. అవి రెండూ ఇక సమానం కాలేవు. కాబట్టి రెండు కొసల్లోనూ షరతు పెట్టే స్వేచ్ఛ మీకు ఉండదు, ఒకదాన్ని వదులుకోవాలి. ఏది వదలాలో ఆ లెక్క మధ్యలో మీరే నిర్ణయించుకోవాల్సి వస్తుంది.